ఇంటికి ఒక్క చదువు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నా తమ్ముడు ధర్మారావు గడువు దాటాక కలకత్తా చేరి, గుమ్మంలోనే కాదనిపించుకుని, మా ముఖాలు చూడటం ఇష్టంలేక ఎటో వెళ్ళిపోయాడేమోనని. వాడు బండెక్కి ఈ రోజుకి ముప్ఫై నాలుగు రోజులు. ఒక్క కార్డు రాలేదు.

మాది గజపతినగరానికి రెండు మైళ్ళ దూరంలో పల్లె. నేను ఎనిమిదో తరగతి చదువుతుండగా పెద్దమనిషినయ్యానని బడి మాన్పించారు. అప్పటికి తమ్ముడు ఆరో తరగతి. నన్ను 'అప్పా' అంటాడు, మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. వాడికి రాని లెక్కలు నేను చేస్తే వాడు తన పుస్తకంలోకి ఎత్తుకునేవాడు. బడికి పోతానని నేను రెండు రోజులు అన్నం మానేస్తే, మా నాన్న జగన్నాధం అరుగు మీద కూర్చుని తేల్చేశాడు. "ఇంటికి ఒక సదువు సాలు. అది ఆడికుంటాది."

ఉంది. విజయనగరంలో బీఎస్సీ, లెక్కల్లో కాలేజీకే మొదటివాడు. ఈ ఏడు కలకత్తాలో ఒక పెద్ద సంస్థకి దరఖాస్తు పెట్టాడు. పై చదువు గణితంలోనే, కానీ అక్కడ కంప్యూటర్ అని లెక్కలు కట్టే యంత్రం ఉంది, దానితో పని నేర్పుతారట. సీట్లు నిండిపోయాయి, ఎవరైనా మానుకుంటే పిలుస్తామని జాబు వచ్చింది. ఆ పిలుపు కోసం వాడు విజయనగరంలోనే గది ఉంచుకుని పిల్లలకి పాఠాలు చెబుతుండేవాడు. దరఖాస్తులో చిరునామా మాత్రం మా ఇంటిదే ఇచ్చాడు.

నేను పురిటికి పుట్టింటికి వచ్చాను. ఆడపిల్ల. మూడో రోజు వాడు వచ్చి గుమ్మం అవతలే నిలబడి చూశాడు.

"యంత్రానికి బుర్రుంటాదేట్రా?" అన్నాను.

"నేదప్పా. అట్టముక్కల మీద సిల్లులు పొడిసి, ఏటి సెయ్యాలో వరసగా మనమే సెప్పాలి. తప్పు సెప్పినా అది సేసుకుపోతాది."

"అయితే మన నాన్నలాంటిదే. అమ్మ ఏటి సెప్తే అదే."

వాడు పగలబడి నవ్వాడు. నవ్విన ముఖం చూడటం అదే ఆఖరు.

పిల్ల పుట్టిన ఆరో రోజు, జూలై ఎనిమిది, సోమవారం పొద్దున్న గజపతినగరం నుంచి టెలిగ్రాం వచ్చింది. మా ఇంటికి అంతకుముందు వచ్చింది ఒక్కటే, మేనమామ పోయినప్పుడు. మా వైపు తంతి అంటే చావే. కాగితం చేతిలో పడగానే మా అమ్మ దేముడమ్మ శోకం ఎత్తుకుంది. ఇరుగుపొరుగు వచ్చి శ్రుతి కలిపారు. ఎవరు పోయారో ఎవరికీ తెలియదు. తెచ్చినవాడు, "నాకు ఇంగిలీసు రాదమ్మా" అని సంతకం బదులు వేలిముద్ర వేయించుకుని సైకిలెక్కాడు.

"అమ్మా, ఆ కాగితం ఇలా తే, సదువుతాను," అని గదిలోంచి అరిచాను.

"బాలింతవి, పొత్తిళ్ళలో పిల్లని ఎట్టుకుని సావు కబురు ముట్టుకుంటావేటే?"

"కలకత్తా నించేమో!"

"ఆళ్ళు ఉత్తరం రాస్తారు గానీ తంతి కొడతారేటి? ఆళ్ళింట్లో ఎవులు సచ్చిపోనారు?"

చావు కబురు కాగితం ఇంట్లో ఉంచకూడదు. అందులోనూ బాలింత ఉన్న ఇల్లు. అమ్మ దాన్ని నాలుగు ముక్కలు చింపి, పెరట్లో నీళ్ళ పొయ్యిలో పడేసి, నెత్తిన నీళ్ళు పోసుకుంది. నా కోసమట. నా పిల్ల కోసమట. ఇంటికి ఒక్క చదువు చాలన్నారే, ఆ చదువు ఇంట్లో లేని రోజున కాగితం వచ్చింది. నా అర చదువు గది లోపల ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు.

నాన్న పోయినవాళ్ళని వెతకడానికి బయల్దేరాడు. ముందు బొబ్బిలి, మా మేనత్త నారాయణమ్మ దగ్గరికి. ఆవిడ శుభ్రంగా వడియాలు పెడుతోందట.

"నేనెప్పుడు సస్తానా అని ఎదురుసూస్తన్నావేట్రా? కూకో, అన్నం తిని ఏడు."

అక్కడినుంచి ఇంకో మూడు ఊళ్ళు. బుధవారం చీకటి పడే వేళకి తిరిగొచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ, ఏదో పోగొట్టుకున్నవాడిలా అన్నాడు, "ఎవులూ సావనేదే."

"సరిగ్గా అడిగినావా?" అంది అమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లని మంచం మీద పడుకోబెట్టి పెరట్లోకి వచ్చేశాను. అమ్మ కేకలు పెడుతూనే ఉంది. పొయ్యిలో బూడిదే మిగిలింది. పక్కన పిడకల బుట్ట బోర్లించాను. పొయ్యిలో పడకుండా తప్పిన ముక్క ఒకటి పిడకల మధ్య ఉంది. మూడేళ్ళ ఇంగ్లీషు నాది. కూడబలుక్కున్నాను. రిపోర్టు, అంటే వచ్చి చేరమనే మాట, దాని తోక. దాని కింద పన్నెండు, జూలై.

"సచ్చినోళ్ళకి గడువు ఇస్తారేటమ్మా? ఇయ్యాల పదో తారీకు. ఎల్లుండికి ఎవులు సస్తారని రాసినారు?"

నాన్న, "రేపు పోస్టాఫీసులో అడిగి, నిజమయితే సూద్దాం," అన్నాడు. నిజమయితేనట! అప్పుడు నేనన్న మాటలు కన్నతండ్రిని అనవలసినవి కావు. అన్నందుకు ఈ రోజుకీ చింత లేదు. పెట్టె తెరిచి, తమ్ముడి సర్టిఫికెట్లు పాతచీర ముక్కలో చుట్టి, ఆ కాగితం ముక్కతో సహా మా పాలేరు దాలయ్యకి ఇచ్చాను. గురువారం కోడికూతకే సైకిలు మీద విజయనగరం పంపాను. అమ్మ అటుకుల మూట ఇచ్చింది.

సాయంత్రం దాలయ్య వచ్చి చెప్పాడు.

"సూసి, 'ఎవులు సింపినారు?' అన్నాడమ్మా. అమ్మగారన్నాను. 'అప్పకి సూపించనేదా?' అన్నాడు. నేదన్నాను. కట్టుబట్టలతో బండెక్కేసినాడు."

అటుకుల మూట వెనక్కి వచ్చింది.

శుక్రవారం ఏ వేళకి దిగాడో, ఆ ఆఫీసు ఏ వేళకి మూస్తారో నాకు తెలియదు. వచ్చిన ఇంగ్లీషులో సంస్థకి ఉత్తరం రాశాను. జవాబు లేదు. అమ్మ మాత్రం నిబ్బరంగా ఉంది. "తంతి రానేదంటే బాగున్నట్టే," అంటోంది. ఆ మాట విన్నప్పుడల్లా గోడకి తల కొట్టుకోవాలనిపిస్తుంది. చావు కాగితం ముట్టుకున్న చేత్తోనే పిల్లకి పాలిచ్చాను. పిల్ల తాగి నిద్రపోయింది. ఏమీ కాలేదు. మూడు రోజులు మాత్రం పోయాయి, అవి నా తమ్ముడివి.

ఇది చదివేవాళ్ళలో కలకత్తాలో ఉన్నవారు ఎవరైనా ఉంటే, ఆ యంత్రం ఉన్న చోటు కనుక్కుని ఒక్కసారి వెళ్ళి చూడండి. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. కాగితం అందకపోతే ఎడమ అరచేతిలోనే లెక్క వేస్తాడు, అక్కడ ఎప్పుడూ సిరా ఉంటుంది. లోపల ఉంటే భోజనం ఎక్కడో అడగండి. రానివ్వలేదంటే, ఎటు వెళ్ళాడో అక్కడి కాపలావాడినైనా అడగండి. కనబడితే ఆ ముక్క చదివింది అప్పేనని చెప్పండి. టెలిగ్రాం ఇవ్వవద్దు. తెలుగులో ఒక కార్డు రాయండి. మా నాన్న పేరున కాదు, కన్యాకుమారి అని నా పేరున రాయండి.