మాస్టారి బరువు

నూకరాజు పొద్దున్నే బండి చుట్టూ ఓసారి తిరిగి చూసుకుంటే గాని టీ తాగడు. టైర్లు తన్ని చూస్తాడు. వెనకాల కొక్కేనికి వేలాడే గొలుసుని లంకె లంకె తడుముతాడు. ఆ తర్వాతే ముక్తేశ్వరం సెంటర్లో టీకొట్టు బల్ల మీద కూర్చుని ఫోను పక్కన పెట్టుకుంటాడు. కోనసీమ రోడ్లు సగం కాలవగట్ల మీదే. కారు జారి కాలవలో పడినా, ఆటో బోదెలో ఒరిగినా, నడిరోడ్డు మీద వ్యాను మొరాయించినా ముందు నూకరాజు తెల్ల పికప్‌కే కబురొస్తుంది.

ఆ బుధవారం బండి కింద, ఎడమ వెనక చక్రం దగ్గర, నల్లగా నూనె కారి ఉంది. వంగి చూసేడు. షాకబ్జారు ఒళ్లంతా తడిసి దుమ్ము పట్టింది. బండి వెనక తొట్టి అంచుని చేత్తో కిందికి నొక్కి వదిలేడు. ఒక్కసారి ఊగి ఆగాల్సిన బండి నాలుగుసార్లు ఊగింది. ముందురోజు అయినవిల్లి నుంచి ఓ కారుని లాక్కొస్తుంటే వెనకభాగం అటూ ఇటూ ఊగిపోయి, లాగే కారు కాలవ అంచుదాకా పోయొచ్చింది. ఏడాది తిరక్కుండా ఇది మూడో జత.

ఎందుకు పోతున్నాయో అతనికీ తెలుసు, ఊరికీ తెలుసు. తొట్టిలో ఎడమ మూల యేసురత్నం మాస్టారు కూర్చుని ఉంటారు. కనపడరు, మాట్లాడరు. బరువు మాత్రం ఉంటుంది. పీచు మిల్లు కాటా మీద ఎక్కిస్తే ఖాళీ బండి డెబ్బై రెండు కిలోలు ఎక్కువ తూగుతుంది. కాటా దగ్గరి మనిషి ఆ డెబ్బై రెండూ విడిగా రాసి, పక్కన ‘మాస్టారు’ అని రాస్తాడు. కొబ్బరికాయలు ఎత్తేవాళ్లు ఆ మూల ఖాళీ ఉంచి మిగతా తొట్టి నింపుతారు. టైర్ల కొట్టువాడు ఎడమ వెనక చక్రానికి అడక్కుండానే కాస్త గాలి ఎక్కువ కొడతాడు.

పదకొండు నెలల కిందట, జోరువానలో, పలివెల ఇవతల మాస్టారి కారు కాలవలో పడింది. దాన్ని పైకి లాగింది నూకరాజే. మనిషిని అంబులెన్సులో తీసుకెళ్లేరు. సమాధుల తోటలో ప్రార్థన చేసి మట్టి వేసేరు. అంతా అయ్యేక నూకరాజు ఇంటికొచ్చి చూసుకుంటే బండి వెనక్కి కుంగి ఉంది.

కొత్తపేట రోడ్డు మీద లాజరు షెడ్డు. లాజరుకి అరవై దాటేయి. బండిని చదునుగా ఉన్నచోట పెట్టించి, ముందు చక్రాలకి ఇటికలు అడ్డం పెట్టేడు. ఇరుసు కింద జాకీ ఎత్తి, దిమ్మలు సర్ది, తుప్పెక్కిన నట్ల మీద నూనె చుక్కలు వేసి, అది ఇంకేదాకా ఊరికే కూర్చున్నాడు. తర్వాత పానా పట్టుకుని కిందికి దూరేడు. పై బోల్టు, కింది బోల్టు ఊడదీసి, పాత షాకబ్జారుని బల్ల మీద నిలబెట్టి నొక్కేడు. అది లోపలికి దిగిపోయింది. మళ్లీ పైకి రాలేదు.

“చూసేరా? దీంట్లో ఏం లేదండి ఇంక,” అన్నాడు లాజరు.

“ఆయ్,” అన్నాడు నూకరాజు.

కొత్తవాటిని నిలువుగా పట్టుకుని, లోపలి గాలి పోయేదాకా నాలుగైదుసార్లు నొక్కి వదిలి, రబ్బరు బుష్షులు తొడిగి, రెండు పక్కలా ఎక్కించేడు. నట్లు కొంచెం తిప్పి ఆపేసి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

“బిగించలేదేంటండి?”

“బండి తన మామూలు ఎత్తులో కూర్చున్నాక బిగించాలండి ఇవి. కుంగి ఉన్నప్పుడు బిగిస్తే బుష్షులు మెలిపడిపోతాయి. ముందు రెండుసార్లూ మాస్టారు కూర్చుని ఉండగానే బిగించేను. నాదీ తప్పే. ఈసారి ఆయన్ని దింపేక బిగిస్తాను.”

“దింపడానికి నేను చూడలేదనుకున్నారా? వాళ్ల బడి ముందు ఆపేను. సమాధుల తోట దగ్గర పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఉన్నాను. రేవులో పంటు ఎక్కించి, గోదారి దాటి, కె.గంగవరం వాళ్ల అన్నగారింటికి కూడా తీసుకెళ్లేను. ఆ రోజు ఆయన అక్కడికే బయల్దేరేరంట. వాళ్ల అన్నగారు బయటికొచ్చి తొట్టి మీద చెయ్యేసి ఏడ్చేరు. దిగలేదండి.”

“ఇంటికి తీసుకెళ్లేరా?”

నూకరాజు నేల చూసేడు. మాస్టారి ఇల్లు సెంటర్‌కి కిలోమీటరు కూడా లేదు. ఈ పదకొండు నెలలూ అతను ఆ దారి తప్పించుకుని చుట్టూ తిరిగి పోతున్నాడు.

“మాస్టారి కారు పడకముందే షాకబ్జార్లు మార్చమని మీరు రెండుసార్లు చెప్పేరు నాకు,” అన్నాడు మెల్లిగా. “వానలు తగ్గేక చూద్దాం అన్నాను. ఆ రోజు ఫోనొచ్చిన చోటికి నాలుగు కిలోమీటర్లే. బండి ప్రతి గోతికీ పక్కకి ఎగిరిపడుతుంటే పరిగెత్తించలేకపోయేను. అరగంట పట్టింది. కారు తలుపు తెరుచుకోవట్లేదు, లోపల మనిషి కదులుతున్నాడు అని ఫోన్లో చెప్పేరు. నేను వెళ్లేసరికి కదలట్లేదు. ఆ మాట మాస్టారి ఇంటావిడకి ఎలా చెప్పనండి?”

లాజరు పెద్ద పానా గుడ్డలో చుట్టుకుని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

“నెమ్మదిగా పోనియ్యండి. నట్లు వదులుగా ఉన్నాయి,” అన్నాడు.

మాస్టారి ఇంటికీ రోడ్డుకీ మధ్య పంటబోదె. దాని మీద చెక్కపలకల వంతెన. నూకరాజు బండి ఆపి, ఇంజను కట్టేసి, చెప్పులు విడిచి వంతెన దాటేడు. వరండాలో మాస్టారి భార్య స్టెల్లా గారు అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుతున్నారు. మాస్టారి పుస్తకాలే. ఆవిడ తలెత్తి అతన్ని చూసేరు. అతన్ని దాటి రోడ్డు మీద బండిని చూసేరు.

“మీరు వస్తారని మొదటి నెలంతా ఎదురుచూసేను,” అన్నారు.

“తప్పైందమ్మగారూ.”

నిలబడే చెప్పేడు. నూనె కారే షాకబ్జార్లు, లాజరు చెప్పినా విననితనం, నాలుగు కిలోమీటర్లు, అరగంట. ఏదీ దాచలేదు. ఆవిడ చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని విన్నారు.

“ఆ అరగంట గురించి నేనిప్పుడు ఏమీ చెప్పలేనండి,” అన్నారు చివరికి. “పర్లేదు అనలేను.”

“అనొద్దమ్మా.”

“ఇక్కడికి మాత్రం ఎందుకు తెచ్చేరు? ఆయన ఇక్కడ దిగరు.” ఆవిడ మళ్లీ బండి వంక చూసేరు. “ఆ రోజు మాటా మాటా పెరిగింది. బట్టలు సంచిలో పెట్టుకున్నారు. వెళ్తే మళ్లీ రాకండి అన్నాను. వానకి పంటు ఆపేసేరని తెలిసి కూడా రావులపాలెం మీదుగా చుట్టూ తిరిగైనా పోతానని కారు తీసేరు. ఆయన బదులు నాకు ఉద్యోగం ఇస్తామని, అర్జీ పెట్టమని బళ్లోవాళ్లు కాయితాలు తెచ్చిచ్చేరు. ఏడాది లోపల పెట్టాలంట. ఇంకో పన్నెండు రోజులుంది. సంతకం పెట్టలేదు. నన్ను వదిలేసి పోయిన మనిషి పేరు చెప్పుకుని ఏ మొహం పెట్టుకుని అడగను? ఆదివారం మా చెల్లెలు సువర్ణ దగ్గరికి వెళ్లిపోతున్నాను.”

“గంగవరం తీసుకెళ్లేనమ్మా,” అన్నాడు నూకరాజు. “అన్నగారింటి గుమ్మం ముందు రెండు గంటలు ఆపేను. అక్కడ దిగలేదు.”

ఆవిడ ఏదో అనబోయేరు. ఇంతలో రోడ్డు మీద బండి కిర్రుమంది.

తొట్టి ఎడమ మూల నెమ్మదిగా నాలుగువేళ్లు పైకి లేచింది. లాజరు సీట్లోంచి దిగి పక్కకి తప్పుకుని నిలబడి, తల మీది తువ్వాలు తీసేడు. వంతెన మీద మొదటి పలక కిందికి వంగి లేచింది. తర్వాత రెండోది. మధ్యలో ఉన్న పలక పుచ్చిపోయింది. ఆ ఇంట్లో అందరూ దాన్ని దాటేసి అడుగు వేస్తారు. అది వంగలేదు. దాని తర్వాతది వంగింది.

స్టెల్లా గారి చేతిలో పుస్తకం జారి పడింది. నూకరాజు గోడకి ఒదిగి దారిచ్చేడు.

వరండా చివర నవారు మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. మంచం పట్టీలు ఒక పక్కకి కుంగేయి. చాలా దూరం తిరిగొచ్చిన మనిషి కూర్చున్నట్టు ఒక్కసారిగా కుంగి, మరి కదల్లేదు.

ఆవిడ వెళ్లి మంచం రెండో పక్కన కూర్చున్నారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా ఏడ్చేరు. నూకరాజు రోడ్డు మీదికొచ్చేసేడు. లాజరు బండి కింద పడుకుని నట్లు బిగిస్తున్నాడు.

వరండాలో మంచం పట్టీలు కాసేపటికి మెల్లిగా తేలిపోయి సమంగా అయ్యేయి. మళ్లీ కుంగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ కుంగలేదంటారు.

ఎండ నడినెత్తికి రాకముందే స్టెల్లా గారు బయటికొచ్చేరు. మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, చేతిలో కాయితాల కవరు పట్టుకుని ఉన్నారు.

“అమలాపురం దించుతారా?” అన్నారు నూకరాజు వంక చూడకుండానే.

లాజరుని షెడ్డు దగ్గరికి పోయే ఆటో ఎక్కించి, ఆవిడని ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లేడు. దారిపొడుగునా ఆవిడ కిటికీలోంచి కాలవ వంకే చూసేరు.

విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా కాయితాలు ఒక్కోటీ తిప్పి చూసి, సంతకాలు సరిచూసుకుని, ఒకచోట ఆగేడు. నూకరాజు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు.

“ప్రమాదం వివరాల్లో ఒక్కటి రాయలేదండి,” అన్నాడు గుమాస్తా, పెన్ను ఆవిడ వైపు తిప్పి. “ఆ టైముకి మాస్టారు ఎక్కడికి వెళ్తున్నారు?”

స్టెల్లా గారు పెన్ను అందుకున్నారు.

“ఇంటికొస్తున్నారండి,” అన్నారు.