కండువా కప్పిన ఫ్రీజర్

నేను ఒక ఫ్రీజర్‌ని. ఐస్‌క్రీములు పెట్టుకునే రకాన్ని కాదు, సున్నాకి ఎనభై డిగ్రీల కింద రక్తపు నమూనాలు దాచే రకాన్ని. ఓ పెద్ద మందుల కంపెనీ పదేళ్లు వాడుకుని వదిలించుకుంటే, హైదరాబాద్ నాచారంలో ఒక ఇంటి కింది వాటాలో ల్యాబు పెట్టుకున్న యశోద దగ్గరికి చేరాను.

యశోదది నల్గొండ వైపు. గేదెలు ఈసుకుపోయే, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయే రోగాన్ని పాలకేంద్రంలోనే పది నిమిషాల్లో పట్టిచ్చే కిట్టు ఆమె కల. మూడేళ్లు కొట్టాలన్నీ తిరిగి తెచ్చిన నాలుగు వందల నమూనాలు నా కడుపులో ఉండేవి. ఆ గేదెల్లో చాలావాటిని ఇప్పుడు వెతికినా దొరకవు. దసరా వెళ్లిన వారం, అనుమతి ఇచ్చే అధికారులొచ్చి ఆ నమూనాల మీదే కిట్టుని పరీక్షించాల్సి ఉంది.

ఈ మహానగరంలో దొరకనిది లేదు. నాకు జబ్బు చేస్తే మెకానిక్ గంటలో వస్తాడు. చదువుకున్న పిల్లలకు కొదవ లేదు, కాకపోతే పని నేర్చుకోగానే ఎదురు వీధి కంపెనీ ఎగరేసుకుపోతుంది. అన్నీ ఊళ్లోనే ఉంటాయి, చేరడమే కష్టం.

"సగం నమూనాల గొట్టాలు శామీర్‌పేట ల్యాబుల పెట్టొద్దాం యశోదా. ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎట్ల?" అన్నాడు భాగస్వామి ఫిరోజ్.

"ఈ ట్రాఫిక్‌ల పోయి రానీకే పూటంతా పోతది. పండుగ అయినంక పోదాం."

ఆయుధపూజ నాడు యశోద నాకు పసుపు పూసి, బొట్టు పెట్టి, కొత్త కండువా నడుముకి బిగించి కట్టింది. జీవకణాల మీద డాక్టరేటు చేసిన మనిషి! నేను గాలి పీల్చుకునే జాలీ మీదే కట్టిందని చూసుకోలేదు. పరీక్ష భయం ఎంతటివాళ్లచేతనైనా అంత పని చేయిస్తుంది. తాళం వేసి వెళ్లిపోయారు. నాకు ఊపిరాడలేదు. గొంతు చించుకుని అలారం మోగించాను. వీధిలో అమ్మవారి మండపం దగ్గరి డీజే మోతలో ఎవరికి వినబడుతుంది?

మూడోనాడు తలుపు తీసేసరికి అన్నీ కరిగి నీళ్లయ్యాయి. యశోద కండువా విప్పి, అది పట్టుకుని నేల మీదే కూలబడింది. నాకు ఏడుపు తెలియదు గానీ, ఆ పూట నా ఒళ్లంతా చెమ్మే.

ఫిరోజ్ మెల్లగా అన్నాడు. "మళ్ల గడ్డ కడితే ఎవరికి తెలుస్తది?"

యశోద నా తలుపు మీద చెయ్యేసింది. "దీనికి తెలుసు. ఎప్పుడెంత వేడెక్కిందో అంతా రాసి పెట్టింది. కరిగినవాటితోని పాస్ చేయించుకుంటే రేపు కిట్టు తప్పు చెప్తది. అది నమ్మి రైతు మంచి బర్రెను కటికోనికి తోల్తడు."

అధికారులు నా లెక్కలు చూసి, సంతకం పెట్టకుండానే వెళ్లిపోయారు. ఫిరోజ్ నెల తిరక్కుండా ఎదురు వీధి కంపెనీలో చేరాడు. అతన్ని తప్పుపట్టను, ఇంట్లో చిన్నపిల్లలున్నారు.

ఇప్పుడు నా కడుపులో ముప్పై గొట్టాలున్నాయి. వాటి జతవి శామీర్‌పేటలో ఉన్నాయి. యశోద ఒక్కతే మళ్లీ కొట్టాలు తిరుగుతోంది, ఎన్నాళ్లు తట్టుకుంటుందో తెలియదు. ఈ దసరాకి నాకు బొట్టొక్కటే పెట్టింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, జాలీ దగ్గర అరచెయ్యి ఆనించి, గాలి ఆడుతోందో లేదో చాలాసేపు చూసుకుంది.