చోటు లేదన్న మాట

నిరుపమ తన ఫోన్‌లోంచి సుజల ఫొటోలు తీసేసిన మరుక్షణం, హాల్లో గోడ మీది పటంలోంచి సుజల లేచి వెళ్ళిపోతుంది. పటంలో ఖాళీ కుర్చీ మిగులుతుంది. దండ మాత్రం లోపల మెడంటూ లేకపోయినా పటానికే వేలాడుతోంది.

సుజల, ఫణిరాజ్ మొదటి భార్య. పోయి మూడేళ్ళయింది. నిరుపమ రెండో భార్య. ఫోన్‌లో చోటు లేకే తీశానని తనకి తనే సర్దిచెప్పుకుంటోంది గానీ, ఫోన్ సగం ఖాళీయే. ఆ ముఖం కనబడితే ఒళ్ళు మండుతుంది, అదీ సంగతి. కంప్యూటర్‌లో ఎలాగూ ఉంటాయి కదా అనుకుంది. ఇంట్లో ఫోన్లనీ కంప్యూటర్‌నీ ఫణిరాజ్ ఎప్పుడో కలిపిపెట్టాడని, ఒకచోట పోతే అన్నిచోట్లా పోతుందని ఆమెకి తెలీదు.

ఫణిరాజ్ అగరొత్తులు పట్టుకుని రోజూలాగే పటం ముందుకొచ్చి ఆగిపోతాడు.

"ఈ దండ ఎవరికి నిరూ?"

"మీకు తెలీదా?"

"కుర్చీకి దండేమిటి, విడ్డూరం కాకపోతే!" అని, ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్తాడు. ఆయన ఈల వేయడం ఆమె వినడం ఇదే మొదలు. సంతోషించాల్సిందే. కానీ ఆమె ఖాళీ కుర్చీ వంకే చూస్తూ ఉండిపోతుంది.

ఇంతలో సుజల కూతురు కుందన పాలగ్లాసుతో వస్తుంది. పాలు గౌను మీదకి కారిపోతున్నాయి. పిల్ల ముఖంలో గెడ్డం మాయమైంది. ఆ గెడ్డం తల్లి పోలిక.

"పిన్నీ, చూడు," అని నవ్వుతుంది. నవ్వుకి చప్పుడు లేదు. ఆ చప్పుడూ తల్లిదే.

ఎంత పాపం చేశానని నిరుపమకి ఏడుపొస్తుంది. పరుగున వెళ్ళి కంప్యూటర్ తెరలోకి తల దూరుస్తుంది. లోపల చల్లగా ఉంది. బస్సు తప్పిపోయిన మనిషిలా సుజల పెట్టె మీద కూర్చుని ఉంది.

"తప్పయిపోయింది అక్కా. వచ్చెయ్."

"ఎక్కడికి రాను? చోటు లేదని ఫోన్‌కి చెప్పావు. ఫోన్ కంప్యూటర్‌కి చెప్పింది. కంప్యూటర్ గోడకి చెప్పింది. ఇంతమంది ఒక్క మాట మీదుంటే నేనొక్కదాన్నీ కాదంటే బాగుంటుందా?"

"అబద్ధమాడానక్కా. చోటుంది. నాకే నువ్వంటే పడదు."

సుజల పెట్టె మీంచి లేస్తుంది. "ఆ మాట ముందే అనుంటే ఇంత దూరం వచ్చేదాన్ని కాదుగా. ఏదీ, ఎక్కడుంది చోటు?"

నిరుపమ నోరు తెరిచి చూపిస్తుంది. సుజల పెట్టె అందుకుని, చెప్పులు బయటే విడిచి, లోపలికి అడుగు పెడుతుంది.

హాల్లో కుందన మళ్ళీ వచ్చిన గెడ్డం తుడుచుకుంటోంది. దువ్వెన తెచ్చి, తెరలోంచి తల బయటికి తీసిన నిరుపమకి వీపు తిప్పి నిలబడుతుంది. ఆమె ఏదో చెప్పబోయి నోరు తెరుస్తుంది. ఆ నోట్లోంచి గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చి దువ్వెన అందుకుంటుంది. వెనకే రెండోది వచ్చి పాయలు తీస్తుంది.

"మెల్లిగా అమ్మా," అంటుంది కుందన.

దవడలు పీకేస్తున్నా, జడ పూర్తయ్యేదాకా నిరుపమ నోరు మూయదు.