శనివారం ముచ్చట

నీలకు పెళ్లయి నాలుగు నెలలు. మొగుడు ఆనందం సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. పొద్దున బస్సెక్కే ముందు ఆమె షెడ్డు గుమ్మం దాకా పోయేది. లోపల ఆ సాంచాల మోతకు పక్కవాడు అరిచినా వినబడదు. అందుకని అక్కడివాళ్లు పెదవులు చూసి మాట తెలుసుకుంటారు. నేత ఇంట్లో పుట్టిన నీలకు ఆ విద్య చిన్ననాడే అబ్బింది.

"జడల పువ్వు ఒంకరున్నది" అని ఆ చివరనుంచి ఆనందం పెదవులాడించేవాడు.

"నీ ముక్కే ఒంకర" అని ఈ చివరనుంచి ఈమె. నడుమ సాంచె మీదున్న ముసలి మొండయ్య ఇద్దరి మాటలూ చదివేసి ముసిముసిగా నవ్వేవాడు. ఆ సిగ్గుతో, ఆ సంబరంతో నీల బస్సులో తేలిపోతూ పోయేది, చందుర్తి దాటి తను చదువు చెప్పే బడి కనబడేదాకా.

బడి కనబడితే గుండెలో రాయి పడేది. ఏడో తరగతి వజ్రమ్మ పెద్దన్న నక్సలైట్లలో కలిసిపోయాడు. ఎస్సై వచ్చి, "ఆ పిల్ల బడికి రాని రోజు నాకు కబురు రావాలె" అని చెప్పిపోయాడు. ఆ వారమే పిల్ల మాయమైంది. కొడిమ్యాలలో మేనత్త దగ్గర దాచారని పిల్లలు గుసగుసలాడారు. తెలిస్తే తల్లి బుచ్చవ్వను ఠాణాకు ఈడుస్తారని, నీల ఆ పేరు ఎదుట రోజూ హాజరు వేస్తూ వచ్చింది. బయటపడితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు లక్ష్మీరాజం సారు కొత్త పద్ధతి పెట్టాడు. శనివారం పిల్లలు పోయాక నలుగురు టీచర్లూ కూర్చోవాలి. ఆ వారం మనసుకు బరువైనది ఒక్కొక్కరు చెప్పాలి. మిగతావాళ్లు సలహా ఇవ్వొద్దు, తప్పు పట్టొద్దు, రాసుకోవద్దు. కావాలంటే ప్రశ్న అడగాలి.

"పంతులుకు గుండె ఉంటదని సర్కారుకు తెల్వకపాయె, మనకన్న తెల్వాలె గద" అన్నాడాయన.

నలుగురు తలుపేసుకుని కూర్చుంటే పోలీసులకు అనుమానం. ఆ గదిలో మాట బయటికి పొక్కుతుందేమోనని అడవిలోవాళ్లకు అనుమానం. నీలకు మాత్రం సారు మీదే అనుమానం. లెక్కల ఆగయ్య సారు తన కోపం సంగతి చెప్పుకున్నాడు. సుశీల టీచర్ ఏడ్చి, ఏడ్చినందుకు నవ్వింది. నీల వంతు వస్తే, "నాకేం బరువుంటది సార్, కొత్త పెండ్లి" అని తప్పించుకునేది.

"గంత సంబురముంటే మాక్కూడ జర పంచరాదు?" అని సుశీల ఎగతాళి చేసేది.

ఒక ఆదివారం ఆనందం మిర్చిబజ్జీలు తినిపిస్తానని సిరిసిల్ల బస్టాండు దగ్గర హోటలుకు తీసుకుపోయాడు. వేడి బజ్జీ ఊదుకుంటూ నీల తలెత్తింది. అవతలి మూల లక్ష్మీరాజం సారు. ఆయనకెదురుగా ఎవరో మనిషి, పొట్టి క్రాపు, నిటారు వీపు. గోలలో మాట వినబడలేదు కానీ సారు పెదవులు కనబడ్డాయి.

"నీల టీచర్ దాస్తున్నది. ఏం దాస్తున్నదో నాకెరుకే. శనివారం నోరు విప్పుతదేమో చూద్దాం."

"ఏమైంది, తింటలేవు?" అన్నాడు ఆనందం.

"కారమున్నది" అంది నీల.

ఆ క్రాపు పోలీసుది కాక ఎవరిది? ఆ వారమంతా సారు రిజిస్టరు మీద చెయ్యి పెడితే ఉలిక్కిపడింది. సుద్దముక్క విరిచిందని ఒక పిల్లను వాతలు తేలేటట్టు కొట్టింది.

శనివారం తన వంతు రాగానే అడిగేసింది. "సార్, హోటల్ల మీ ముంగట కూసున్నదెవరు? నన్ను ఎవరికి అప్పజెప్తున్నరు?"

సారు నెమ్మదిగా అన్నాడు. "ఆయన యోహాను సారు, కోరుట్ల. సారంగాపూర్‌ల నాతోని పనిజేసిండు. అటు పోలీసులు, ఇటు అడవోళ్లు ఆయన్నే నిలబెట్టి అడిగిండ్రు. ఎవ్వలకూ చెప్పుకోలే. ఒకనాడు పాఠం నడుమ మాట ఆగిపోయింది. ఏడాదికి తిరిగొచ్చింది. గీ శనివారం ముచ్చట ఆయన నేర్పిందే."

"గిదంత నేను నమ్మాల్నా?"

"నమ్మకు. ఇయ్యాల నా వంతు నేను తీసుకుంట." సారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఏడో తరగతి హాజరు పట్టీల ఒక పిల్ల రాకున్నా వచ్చినట్టున్నదని ఎరుకై, ఇరవై రోజులసంది కింద సంతకం పెడుతున్న. గీ మాటతోని మీల ఎవరన్న నన్ను పట్టియ్యొచ్చు."

ఆగయ్య సారు తలుపు వైపు చూశాడు. నీల ఆయన్ని చూసింది. ఆయన లేవలేదు. గొంతు సవరించుకుని, "టీచర్, మీ భయం ఎవరి గురించి?" అని అడిగాడు.

"బుచ్చవ్వ గురించి..." అని ఆగింది నీల. "కాదు సార్. ఆమె కోసమే జేస్తున్ననని అనుకున్న. కని ఒక్కనాడన్న ఆ గడప తొక్కలే. ఎవరన్న చూస్తరని. నా భయం నా గురించే."

సుశీల కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"సలహా గాదు సార్, ప్రశ్నే అడుగుతున్న. నీలా, నేను తోడు రానా?"

పొద్దు వాలకముందే ఇద్దరూ బుచ్చవ్వ ఇంటి ముందు నిలబడ్డారు. తలుపు బెత్తెడు తెరుచుకుంది. సందులోంచి ఒక కన్ను.

"ఎవలు పంపిండ్రు మిమ్ముల?"

"ఎవ్వలు పంపలే. జర కూసోని పోదామని అచ్చినం" అంది నీల.

ఆ కన్ను వాళ్లిద్దరినీ చూసింది, వాళ్ల వెనక తోవనంతా చూసింది. తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. ఆ సందులోంచే ఒక చాప మాత్రం అరుగు మీదికి వచ్చింది.