సువార్తమ్మ టీచర్ ఎదురొచ్చేది

గోదావరిఖనిలో పొద్దున షిఫ్టు సైరన్ మోగితే చాలు, బొగ్గు బాయికి పోయే మగవాళ్లకు ఒకటే భయం పట్టుకునేది. గ్యాసుకు కాదు, పైకప్పు కూలుతుందని కాదు, సువార్తమ్మ టీచర్ ఎదురొస్తుందని. ఆమెకు మొగుడు లేడు. డ్యూటీకి పోతుంటే విధవ ఎదురొస్తే ఆ రోజు బాయిలో ప్రాణం పోతుందని వాళ్ల నమ్మకం. ఆమె కనపడగానే టిఫిన్ డబ్బాతో సహా వెనక్కి తిరిగి, ఆ రోజు హాజరు పోగొట్టుకుని, ఆ కోపం ఇంట్లో పెళ్లాం మీద చూపించేవాళ్లు. ఏం ధైర్యవంతులో మరి!

అది అరవై నాలుగు నాటి మాట. టీచరమ్మ ఇల్లు బొగ్గు రైలు పట్టాల అవతల, బడి కార్మికుల క్వార్టర్ల చివర. ఇంటింటి ముందూ ఆగి పిల్లల్ని పిలుచుకుంటూ వచ్చేది. చిన్నదైన సారక్క ఆమె చెయ్యి పట్టుకుని నడిచేది. వెనకాల రాజం అనే పిల్లాడు, ఇంకా బోలెడు మంది. ఒక రోజు బుచ్చన్న అనే జట్టు పెద్ద దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"టీచరమ్మా, సదువుకున్నోళ్లు మీరు. జర వెనక బాటన పోతే మా అందరికి మంచిగుంటది."

"ఆ బాటన పోతే ఈ పిల్లల్ని ఎవరు తోలుకొస్తరు బుచ్చన్నా? నన్ను చూసి వాపస్ పోయేది నువ్వు. బాట నువ్వే మార్చుకో."

గొంతు పెంచలేదు, తిట్టలేదు, అతని పక్క నుంచి నడిచి ముందుకు పోయింది. కానీ ఆమె చెయ్యి గడగడా వణుకుతున్న సంగతి ఆ చెయ్యి పట్టుకున్న సారక్కకు తెలుసు. వణుకుతూ కూడా నడవొచ్చన్న మాట ఏ పుస్తకంలో చదివినా సారక్కకు అంత బాగా బుర్రకెక్కేది కాదు.

డెబ్బై ఆరులో సారక్క మొగుడు మొగిలి బాయిలో పైకప్పు కూలి చచ్చిపోయాడు. చేతిలో చిన్న ఆడపిల్ల. చనిపోయినవాడి ఇంట్లో ఒకరికి కంపెనీ నౌకరి ఇస్తుంది. దినాలన్నా పూర్తి కాకముందే అత్త ఐలవ్వ మాట ఎత్తింది.

"ఆడిదానివి, నీకు నౌకరేంది? నీ మరిది బిక్షం పేరు రాయిద్దాం. నీకింత బువ్వ పెట్టమా?"

"మొగడు పోయింది నాకు. నౌకరి నాకే రావాలె అత్తా. నా బిడ్డ ఒకల చెయ్యి దిక్కు చూసుడు నాకొద్దు."

ఐలవ్వ శాపనార్థాలు పెట్టింది. మందమర్రిలో పెన్షన్ తీసుకుని ఉంటున్న టీచరమ్మ దగ్గరికి పోయి ఒక మాట అడుగుదామని సారక్క బస్సు ఎక్కబోయి ఆగిపోయింది. ఆమె ఏమంటుందో తెలియదా ఏంటి? బస్సు చార్జీ దండగ అనుకుని నేరుగా ఆఫీసుకు నడిచింది.

ఆఫీసరు ఊడ్చే పని ఇస్తానన్నాడు.

"ఏడో తరగతి దాక సదివిన సార్. లాంపు రూంల మనిషి తక్కువున్నడంట, నన్ను అక్కడెయ్యుండ్రి."

లాంపు రూం అంటే బాయికి దిగేవాళ్లకు నెత్తి మీద పెట్టుకునే దీపాలిచ్చే గది. కార్మికుడు తన నంబరు బిళ్ల కిటికీలో పెడితే, అదే నంబరు లాంపు తీసి ఇవ్వాలి. ఆఫీసరు ఆమె బోసి నుదుటి వైపు చూసి నవ్వాడు.

"వాళ్లు నీ చేతి నుంచి తీసుకుంటే నౌకరి అక్కడే. తీసుకోకపోతే చీపురు. సరేనా?"

సారక్క సరేనంది.

మొదటి రోజు కిటికీ ముందు వరస కట్టారు. అందరికన్నా ముందు బుచ్చన్న. జుట్టు నెరిసింది గాని మనిషి మారలేదు. బిళ్ల పెట్టబోయి, కిటికీలో ఆమెను చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వరస మొత్తం ఆగిపోయింది. గొణుగుడు మొదలైంది.

లాంపు రూం పెద్ద నర్సింగం మంచివాడే. చెవి దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "బిడ్డా, ఇంత బొట్టు పెట్టుకో, ఎవలకు తెలుస్తది? లేకుంటె నువ్వు వెనకుండి లాంపులందియ్యి, కిటికీ కాడ నేనుంట. నీ నౌకరి నిలవడుతది."

వెనక నిలబడితే ఎవరికీ పేచీ లేదు, జీతం వస్తుంది, బిడ్డ కడుపు నిండుతుంది. సారక్క చేతులు వణికాయి. ఆ వణికే చేతులు కిటికీ చెక్క మీద పెట్టి అక్కడే నిలబడింది. ఒళ్లు మండింది.

"బుచ్చన్న కాకా, మొగిలి నీ జట్టే గద. ఆ పొద్దు ఆయనకు ఎదురొచ్చింది నేనే. నిండు బొట్టు పెట్టుకుని, పూలు పెట్టుకుని, శకునం మంచిగ చూసే తోలిచ్చిన. మరి నా మొగడు ఎందుకు సచ్చిండే?"

బుచ్చన్న నేల చూపులు చూశాడు. మొగిలిని శిథిలాల కింది నుంచి లాగిన చేతులు అతనివే.

వరస చివరి నుంచి రాజం ముందుకొచ్చి బిళ్ల పెట్టాడు. "నాది ఇయ్యి సారక్కా. టీచరమ్మ ఎనక రోజూ నడిచినోన్ని, నాకేం గాలె."

ఒకరి వెనక ఒకరు వచ్చారు. కొందరు మొహం మాడ్చుకున్నారు, ఇద్దరు ముగ్గురు దండం పెట్టుకున్నారు, కానీ తీసుకున్నారు. బుచ్చన్న మాత్రం ఇంటి దారి పట్టాడు. సారక్కకు జాలేసింది. అయినా పిలవలేదు.

మరునాడు పొద్దున వరసలో మొదట అతనే ఉన్నాడు. తల వంచుకుని బిళ్ల పెట్టి, చెయ్యి చాపాడు. సారక్క లాంపు అందించింది గాని పట్టు వదల్లేదు.

"నా మొహం చూసి తీస్కో, కాకా."

వెనక జనం తోసుకుంటున్నారు, సైరన్ మోగుతోంది. బుచ్చన్న చాలాసేపటికి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. అప్పుడు గాని ఆమె లాంపు వదల్లేదు.