పొద్దు మునిగితే సాకు

పాత లేతు మిషను కొనేవాళ్ళు మొదట దాని బెడ్డు మీద గోరు పెట్టి చూస్తారు. బెడ్డంటే పనిముట్టు ముందుకీ వెనక్కీ జరిగే ఇనప పట్టాలు. కమ్మీని బిగించి తిప్పే చక్కు దగ్గర అవి ఎక్కువగా అరుగుతాయి. అక్కడ గోరు కొంచెం దిగుతుంది. ఈ సంగతి నాకు నా భర్త నాగేంద్ర చెప్పాడు. ఆయన పీణ్యలో ఒక కంపెనీలో లేతు మీద పనిచేసే టర్నరు. ఇంటి దగ్గరే సొంతంగా షెడ్డు పెట్టుకోవాలని ఆయన కోరిక. యలహంకలో మేముండే ఇంటి పక్క రేకుల షెడ్డు ఖాళీగా ఉంటే అందులోకి ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చాం. కలాసిపాళ్యంలో పాత సామాన్లమ్మే గుజరీ అంగట్లో దొరికిన, ఇనుమును పట్టి బిగించే వైసు, రంగు పోయిన గ్రైండరు, మూడు కాళ్ళు ఒక రకం, నాలుగోది ఒక రకం ఉన్న ఇనప బల్ల. లేతు ఒక్కటే మిగిలింది.

అది దొడ్డబళ్ళాపురంలో రామక్క అనే ముసలామె ఇంటి వెనక దొరికింది. చనిపోయిన ఆమె భర్త దాని మీద మరమగ్గాలకు విడిభాగాలు చేసేవాడట. నాగేంద్ర గొంతుకూర్చుని ఈ చివర నుంచి ఆ చివరకు గోరు లాగాడు. మళ్ళీ లాగాడు.

"ఎన్నేండ్లు నడిచిండాది పెద్దమ్మా ఇది?"

"మా పెండ్లికి ముందర్నుంచీ ఉండాదప్పా. దినామూ నడిచేది."

"అరగనే లేదే!"

"అదెందుకు అరుగుతాది? అరిగిందంతా మా ఆయనే."

నాగేంద్ర నవ్వాడు. రామక్క నవ్వలేదు.

మిషనును టెంపోలోకి ఎక్కిస్తున్నప్పుడు ఆమె నన్ను గేటు దగ్గరికి పిలిచింది. మాది జమ్మలమడుగు పక్క పల్లె. పెళ్ళై ఈ ఊరు వచ్చి ఏడాది కూడా కాలేదు. ఇక్కడి పాత తెలుగువాళ్ళ మాటల్లో కన్నడం ఎక్కడ మొదలవుతుందో నాకు తెలిసేది కాదు. ఆమె నా మణికట్టు పట్టుకుని గొంతు తగ్గించింది.

"మొగోళ్ళు మరిచిపోతారు పాపా. నువ్వు గుర్తు పెట్టుకో. పొద్దు మునిగితే సాకు. ఒక్క దినం గూడా తప్పగూడదు."

సరేనన్నాను. సాకడం నాకు కొత్త కాదు. తల్లి చచ్చిన మేకపిల్లకు సీసాతో పాలు పట్టి సాకినదాన్ని. టెంపోలో నాగేంద్రతో చెప్పాను.

"పొద్దు మునిగినాక దాన్ని సాకాలంట బావా."

"మంచిదే కదా మే. నేను ఇంటికి రాకముందే నూనె గీనె పట్టి తయారుగా పెట్టు."

ఆ రోజు నుంచి సందె వేళ షెడ్డులో దీపం పెట్టి, గుడ్డతో బెడ్డు తుడిచి, "సాకుతాండాలే నిన్ను" అంటూ డబ్బాతో నూనె పోసేదాన్ని. పొద్దున్నే చూస్తే ఒక్క చుక్క ఉండేది కాదు. పట్టాలు నాకినట్టు పొడిగా ఉండేవి. కారిపోయిందేమోనని కింద రేకు పెట్టాను. రేకూ పొడిగానే ఉంది. మరుసటి రోజు ఇంకొంచెం ఎక్కువ పోశాను.

నాగేంద్ర పని నుంచి రాగానే దాని ముందు నిలబడేవాడు. అన్నానికి పిలిస్తే "ఇంకొక్క కోత" అనేవాడు. కొన్నాళ్ళకు ఆయన చొక్కాలు వదులయ్యాయి. వేలి ఉంగరం జారి ఇనప తురుములో పడితే నేనే వెతికి తీశాను. కంపెనీలో హాజరు మిషను ఆయన బొటనవేలిని గుర్తుపట్టడం మానేసింది.

"ఇనుముతో పనిచేసే చెయ్యి కదా, గీతలు అరిగిపోయినాయిలే," అన్నాడు.

ఒక సాయంత్రం వీధి మొత్తం కరెంటు పోయింది. షెడ్డులో లేతు తిరుగుతూనే ఉంది. చీకట్లో ఆయన వీపు కదలడం లేదు.

"మనది వేరే ఫేజులే," అన్నాడు, తల తిప్పకుండా. ఇంట్లోకి వచ్చి స్విచ్చులన్నీ వేసి చూశాను. ఒక్క బల్బూ వెలగలేదు.

కింద పడిన తురుమును నేను అయస్కాంతంతో ఎత్తుతాను. ఆ మర్నాడు ఎత్తుతుంటే కొన్ని చుట్టలు దానికి అంటుకోకుండా నేల మీదే ఉండిపోయాయి. ఆయన ఆ వారమంతా ఇనుమే కోశాడు. ఒక చుట్ట చేతిలోకి తీసుకున్నాను. బరువు లేదు. కత్తిరించిన గోరులా తెల్లగా, కొంచెం వంగుతూ ఉంది. నా చేతిలో అది వెచ్చగా ఉంది.

ఆ సాయంత్రం రామక్కకు ఫోన్ చేశాను. షెడ్డులో అప్పటికే చక్కు తిరుగుతోంది.

"నువ్వు చెప్పినట్టే చేస్తాండా పెద్దమ్మా. దీపం పెట్టి, నూనె పోసి, దినామూ సాకుతాండా. అయినా..."

రామక్క మధ్యలోనే అడ్డుపడింది.

"సాకుతాండావా? అయ్యో, సాకడమేంది పాపా! కన్నడంలో సాకు అంటే ఇంక చాలు అని. పొద్దు మునిగితే ఆపమన్నా. మా ఆయనకు దాని ముందర నిలబడితే ఒళ్ళు తెలిసేది కాదు. దినామూ నేను పోయి వాకిట్లో నిలబడి సాకు అంటే అది ఆగేది, ఈయన ఇవతలికొచ్చేటోడు. ఒక్క దినం దేవనహళ్ళికి మా అక్క సావుకు పోతిని."

"వచ్చేసరికి?"

"చొక్కా ఉండె," అంది రామక్క.

ఫోను అక్కడే పడేసి షెడ్డు దగ్గరికి పరుగెత్తాను. నాగేంద్ర చక్కు మీదికి వంగి ఉన్నాడు. చొక్కా లోపల మనిషి ఎక్కడున్నాడో తెలియడం లేదు.

"సాకు!" అని అరిచాను.

చక్కు వేగం పెరిగింది. నూనె మింగుతున్న చప్పుడు వినిపించింది. ఆయన ఇంకా వంగాడు. ఇన్నాళ్ళూ నూనె పోస్తూ ఆ మాటకు నా అర్థాన్నే నేను దానికి అలవాటు చేశాను. ఇప్పుడు అది నా తెలుగే వింటోంది.

"చాలు," అన్నాను. "ఇంక చాలు!"

అన్నీ ఆగిపోయాయి. నాగేంద్ర మెల్లగా నిటారుగా లేచి, నిద్రలోంచి వచ్చినవాడిలా నా వైపు చూశాడు. చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చాను. ఆ చెయ్యి నున్నగా ఉంది, నా గుప్పెట్లో ఇమిడిపోయింది. షెడ్డుకు తాళం వేశాను. మనిషి మిగిలాడు కదా, అది నాకు పదివేలు అనుకున్నాను.

పొద్దున ఆయన గడప లోపల కూర్చుని కాఫీ తాగుతున్నాడు. పక్కింటి శశికళ మజ్జిగకు చెంబు తెచ్చింది. వాకిట్లో నిలబడి పోస్తున్నాను.

"చాలు చాలక్కా," అంది.

లోపల కాఫీ చప్పరించే చప్పుడు, నిన్న చక్కు ఆగినట్టే, ఆగింది. తిరిగి చూశాను. గ్లాసు ఆయన పెదవుల దగ్గర ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. రొమ్ము కదలడం లేదు.

"బావా," అన్నాను. కదల్లేదు. ఏం చేయాలో తోచక, చెంబులోకి మళ్ళీ మజ్జిగ వంచాను.

"ఇంకొంచెం పోస్తాలే," అన్నాను.

ఆయన గొంతు కదిలింది. గుటక దిగింది. ఊపిరి వచ్చింది.

"అయ్యో, పొర్లిపోతాండాదక్కా, ఇంక..."

మజ్జిగ ఆమె చేతుల మీదుగా గడప మీదికి కారుతోంది. ఆమె ఆ మాట అనేలోపే నేను గిన్నెను చెంబు మీదికి ఇంకా వంచి, గట్టిగా అన్నాను.

"ఇంకొంచెం, శశీ. ఇంకొంచెం."