పుల్లీ మీద గీత

మేస్త్రికి చూపు మందగించి నాలుగు నెలలైంది. ఆ సంగతి ఆయన రెండు కళ్ళకు తప్ప మూడో కంటికి తెలియదు. ఇంజన్ చప్పుడు పట్టే చెవి ఉందిగా, నెట్టుకొచ్చేద్దాం అనుకున్నాడు. పోయిన వారం ఆయన బాగుచేసి పంపిన ఒక టాక్సీ కొండ ఎక్కుతూ పిస్టన్ కాల్చుకుంది. పెట్రోలు కల్తీదని బుకాయించాడు గానీ, ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు.

ఇప్పుడు షెడ్డులో ఉన్నది అంబులెన్సు. మధ్యాహ్నానికి ఒక గుండె జబ్బు మనిషిని ఎక్కించుకుని కొండ అవతలి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. డ్రైవరు స్టీరింగ్ ముందు కూర్చుని గంటలో పదిసార్లు టైము చూసుకున్నాడు.

"అమ్మాయ్, పుల్లీ తుడిచి గాట్లో తెల్లరంగు పెట్టు" అన్నాడు మేస్త్రి.

కూతురు ఇంజన్ ముందున్న ఆ చక్రం మీదికి వంగింది. ఆ రంగు గీత మీద మిణుకుమిణుకుమనే టైమింగ్ లైటు కొడితే, ఎంత గిర్రున తిరుగుతున్నా అది నిలబడినట్టు కనిపిస్తుంది. పక్కనున్న డిగ్రీల పలక మీద పది అంకెకు ఎదురుగా నిలబడితే ఇంజన్లో మంట సరైన వేళకు అందుకుంటున్నట్టు; గీత ముందుకు జరిగితే, కొండెక్కేటప్పుడు పిస్టన్ కాలిపోతుంది. చిన్నపిల్లాడైనా చూసి చెప్పగలడు, కళ్ళుంటే.

పిల్ల పక్కనుంటే తన చూపు ఎటు పోతోందో పట్టేస్తుందని మేస్త్రి భయం. ఆమె లేచి అలమర వైపు నడిచిన చప్పుడు వినగానే ఇదే అదననుకున్నాడు.

"కొట్టవయ్యా స్టార్టు!"

ఇంజన్ అందుకుంది. మేస్త్రి లైటు పట్టుకుని వంగాడు. ఎదురుగా నల్లటి మసక, అందులో మెరుపులు, అంతే. చెవి రిక్కించాడు. బాగానే ఉన్నట్టుంది. టాక్సీ కూడా ఇలాగే బాగుంది కదా అని ఆయన లోపలి నుంచి ఎవరో గొణిగారు.

"సరిగ్గా పది మీద ఉంది! గీత అతికించినట్టు నిలబడింది. ఇక తీసుకెళ్ళు" అని గట్టిగా అరిచాడు.

వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది.

"నాన్నా" అంది కూతురు, ఆయనకు మాత్రమే వినిపించేంత మెల్లగా. "నేనింకా గీత పెట్టలేదు. తుడిచానంతే. రంగు సీసా ఇదిగో, నా చేతిలోనే ఉంది."

డ్రైవరు అప్పటికే బ్రేకు వదులుతున్నాడు. అబద్ధం తనది, ఆపాల్సింది తనే అనుకున్నాడు మేస్త్రి.

"ఆగవయ్యా! ఇంజన్ ఆపు" అని కేక పెట్టాడు. "నాకు కనపడి చావలేదు. ఇంకో పావుగంట పడుతుంది. మా అమ్మాయి చూస్తుంది."

డ్రైవరు ఆయన మొహం చూసి తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

కూతురు గాట్లో రంగు నింపి, ఆరేదాకా ఊదింది. మళ్ళీ స్టార్టు కొట్టించి తండ్రి చేతిలోంచి లైటు తీసుకుంది. ఆయన, తిప్పితే టైమింగ్ మారే డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి వేశాడు.

"ఆరు డిగ్రీలు ముందుంది నాన్నా. కొంచెం తిప్పు... అటు కాదు, ఇటు... ఇంకొంచెం... ఆగు!"

ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డులో ఆగమని చెప్పింది ఆయనే. ఆమె మాట పూర్తికాకముందే ఆయన చెయ్యి ఆగిపోయింది.